పిండిమేక కథ



మాంసము తినుట పాపమా కాదా యను ప్రశ్న మన రచ్చబండలమీద ఎన్నటికిని ఆరని నిప్పు. ఎవరైన దానిని కదిపినంతనే రెండు సమాధానములు సిద్ధముగ నుండును. మన ఋషులు తినలేదా యని ఒకరందురు. మన పెద్దలు ముట్టనైన ముట్టలేదని మఱియొకరందురు. ఇద్దఱును పెద్దలనే సాక్ష్యమునకు పిలుతురు. ఆ పెద్దలు తమలో తామెంత వాదించుకొనిరో ఇద్దఱును చెప్పరు. ఆ వాదమును గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని. అంతయు చెప్పుటకు నాకిచ్చిన కొలది నిమిషములు చాలవు. కావున అందులో మిక్కిలి చిన్నదియు, చూచుటకు నవ్వు పుట్టించునదియు నగు నొక వస్తువును పట్టుకొని నడచెదను. అది పిండితో చేసిన మేక. శాస్త్రములందు దీనికి పిష్టపశువని పేరు.

వైదికకాలమున మాంసము యజ్ఞముతో ముడిపడియుండెను. పశువును దేవతలకు సమర్పించి, శేషమును ఋత్విజులు భుజించుట విధి. పితృకార్యమునను, అతిథిసత్కారమునను గూడ మాంసము వడ్డించెడివారు. ధర్మసూత్రములు చదివిన వారెల్లరు నిది యెఱుగుదురు. దాచుటవలన ప్రయోజనము లేదు. అయినను ఆ యజ్ఞశాలలోనే యొక కలత యుండెను. శతపథబ్రాహ్మణమును చూడుడు. పశువును చంపుమని యనరాదట. అది మనుష్యుల మాటయట. సంజ్ఞపింపుమని, అనగా సమ్మతింపజేయుమని, యనవలెను. ఆ పని చేయువానికి శమిత యని పేరు, శాంతింపజేయువాడని యర్థము. ఆ సమయమున ఋత్విజులు వెనుకకు మఱలి, దానిని కన్నులార చూడకుండుటకై, ఆహవనీయాగ్నికి అభిముఖులై కూర్చుందురు. ఈ భాగమును గురువుగారి సన్నిధిని మొదట చదివిననాడు నాకు గలిగిన సందేహము నేటికిని తీఱలేదు. దోషమే లేదని దృఢముగ నమ్మినవాడు ముఖమేల త్రిప్పుకొనును?

ఆ బ్రాహ్మణమునందే మఱియొక కథ కలదు. ఐతరేయమునను అదియే కనబడును. దేవతలు తొలుత పురుషుని పశువుగా గైకొనిరట. వానినుండి మేధము, అనగా యజ్ఞయోగ్యమగు సారము, తొలగిపోయి గుఱ్ఱమునందు ప్రవేశించెను. గుఱ్ఱమునుండి ఎద్దునందు, ఎద్దునుండి గొఱ్ఱెయందు, గొఱ్ఱెనుండి మేకయందు ప్రవేశించి, కడకు మేకను గూడ విడిచి భూమిలో దాగెను. దేవతలు నేలను త్రవ్వి వెదకగా అది ధాన్యరూపమున దొరికెను. అందుచేత పిండితో కాల్చిన పురోడాశము పశువుతో సమానమని శ్రుతి చెప్పును. పొడిపిండి రోమములట. నీరు పోయగా చర్మమట. కలిపి పిసుకగా మాంసమట. కాల్చగా గట్టిపడినది యెముకయట. పైన చిలికిన నేయి మజ్జయట. మన యిండ్ల ఆడువారికి ఈ వరుస చిరపరిచితము. తడిసిన పిండి చేతికి చర్మమువలె తగులునని రొట్టె చేయు ప్రతి యిల్లాలును చెప్పగలదు. ఇట్టి పోలిక వంటయింటిని చూచినవాడే కట్టినాడు.

అయితే దీనివలన మేక బ్రతికినదని తలపరాదు. పురోడాశము మేకకు తోడుగా వచ్చినదే గాని మేకకు బదులుగా రాలేదు. బదులు కావచ్చునను తలంపునకు మాత్రము విత్తనము పడినది.

ఆ విత్తనము మొలకెత్తిన చోటు మహాభారత శాంతిపర్వమునందలి నారాయణీయము. అజములతో యజింపవలెనను విధిలో అజమనగా మేక యని దేవతలనిరి. అజమనగా బీజము, ధాన్యమని ఋషులనిరి. వివాదము తెగలేదు. అంతలో ఆకాశమార్గమున ఉపరిచరవసువు వచ్చుచుండెను. ఆయన సత్యవాది, ధర్మజ్ఞుడు; కావున ఉభయులును ఆయననే మధ్యవర్తిగా నెన్నుకొనిరి. ఆ రాజేమి చేసెను? ఎవరిది ఏ పక్షమని ముందుగా అడిగెను. దేవతలది మేకపక్షమని తెలిసికొని, అజమనగా మేకయే యని తీర్పు చెప్పెను. ఋషులు శపించిరి. ఆకాశమున తిరుగు రాజు భూవివరమున పడిపోయెను. పంచాయతి పెద్దలుగా కూర్చుండిన మీకు ఈ కథలోని రుచి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. వాదము వినకమునుపే వాదులెవరని అడిగినవాడు ఎక్కడ పడవలెనో అక్కడనే పడినాడు. అయినను భారతము ఆయనను కరుణించినది. గోతిలో నున్నంతకాలము యజ్ఞములలోని నేతిధార ఆయనకు ఆహారమయ్యెను. పిదప నారాయణుని యాజ్ఞచే గరుడుడు పైకి దెచ్చెను.

జైనులు గూడ ఈ వసురాజు కథను చెప్పుదురు. అందు అజమనగా మూడేండ్లు నిలిచి మొలకెత్తు శక్తి పోయిన ధాన్యము. వసువు గురుపత్ని మాటకు లొంగి, తెలిసి తెలిసి మేకయని యబద్ధమాడి, సింహాసనముతో గూడ నేలలో క్రుంగి నరకమునకు పోయెను. అక్కడ నేతిధార లేదు, గరుడుడు లేడు. ఒకే కథను ఇరువురు చెప్పినప్పుడు శిక్షలోని భేదమును చూడవలెను. మన పౌరాణికునకు అది దిద్దుకొనదగిన పొరపాటు. జైనునకు అది హత్య.

బుద్ధుని తీర్పు ఈ రెండింటికిని వేఱు. తన కొఱకే చంపినట్లు చూచిన, విన్న, లేక శంకించిన మాంసము భిక్షువు తినరాదు. ఆ మూడు దోషములును లేనిది భిక్షాపాత్రలో పడినచో తినవచ్చును. మత్స్యమాంసములను భిక్షువులకు పూర్తిగా నిషేధింపుమని దేవదత్తుడు కోరగా బుద్ధుడు అంగీకరింపలేదు. తరువాతి కాలమున మహాయానమునందలి లంకావతారసూత్రము మాత్రము మాంసమును తీవ్రముగా ఖండించినది. జైనులు ఈ మూడు శుద్ధులను ఒప్పుకొనలేదు. తినువాడు లేనిచో చంపువాడేల యుండును అని వారి ప్రశ్న. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

మన దేశముననే, కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి చెంత, అశోకుని శిలాశాసనములు కలవు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమువి. అందు మొదటి శాసనమున ఆ చక్రవర్తి తన వంటశాల సంగతి వ్రాయించినాడు. పూర్వము కూరల కొఱకు దినమునకు అనేక శతసహస్ర ప్రాణులను చంపెడివారట. శాసనము వ్రాయించునాటికి మూడే: రెండు నెమళ్లు, ఒక లేడి. లేడి కూడ నిత్యము కాదు. ఈ మూడింటిని సైతము ఇకమీదట చంపబోమని ముగించినాడు. లోకమునకు ధర్మము బోధించు రాజులు పెక్కుమంది గలరు. తన వంటింటి లెక్కను, ఇంకను మానలేకపోయిన దానితో సహా, రాతిమీద చెక్కించినవాడు నాకు తెలిసి వేఱొకడు లేడు. ఎఱ్ఱగుడికి సమీపమున నున్నవారు ఒకసారి పోయి ఆ బండలను చూచి రండు.

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున నాగార్జునకొండలో ఈ రెండు దారులును ఒకే యింట నడచినవి. ఇక్ష్వాకురాజు చాంతమూలుడు అశ్వమేధము చేసినవాడు. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యమును నిలిపినది. అన్న యజ్ఞమునకు పశువు, చెల్లెలి ధర్మమునకు అహింస. ఒక కుటుంబము రెండింటిని భరించినది.

ఇక మనుస్మృతి. దాని ఐదవ యధ్యాయమును ఎవరికి కావలసిన శ్లోకమును వారు ఏరుకొందురు. విధిప్రకారము నియుక్తుడై మాంసము తినననువాడు ఇరువదియొక్క జన్మలు పశువగునని అందే కలదు. అనుమతించువాడు, కోయువాడు, చంపువాడు, కొనువాడు, అమ్మువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు, అందఱును ఘాతకులేయనియు అందే కలదు. తినుటలో దోషము లేదు గాని మానుట మహాఫలమనియు అందే కలదు. ఈ రెండు మాటల నడుమ మన పిండిమేక మఱల కనబడును. మాంసముపై ఆసక్తి మిక్కుటమైనచో నేతితోనో పిండితోనో పశువును చేసికొనుము. వృథాగా ప్రాణిని చంప దలపకుము అని స్మృతికారుని యాదేశము. బ్రాహ్మణకాలమున దేవతల కొఱకు వచ్చిన పిండి ఇక్కడ నాలుక కొఱకు వచ్చినది. మాంసమును మానజూచువాని యిక్కట్టు స్మృతికారునకు తెలియును.

మానుట యెట్టిదో ఎనిమిదవ శతాబ్దపు నాటకకర్త భవభూతి యొక చిన్న రంగమున చూపినాడు. ఉత్తరరామచరితము నాలుగవ యంకమున వాల్మీకి యాశ్రమమునకు వసిష్ఠుడు వచ్చును; మధుపర్కమునకు పెయ్యను వధింతురు. అది చూచి యొక కొంటె శిష్యుడు, ఈ వచ్చినవాడు పులియో తోడేలో యనుకొంటినని పరిహసించును. అదే దినమున జనకుడు వచ్చును. ఆయన మాంసమును విడిచినవాడు. కావున పెరుగును తేనెయు మాత్రమే యిత్తురు. ఒకే యాశ్రమము, ఒకే దినము, ఇద్దరు పూజ్యులైన అతిథులు, రెండు విధముల సత్కారము. వసిష్ఠుని ఎవరును తక్కువ చేయలేదు. జనకుడు ఎవరికిని నీతులు చెప్పలేదు.

ఇప్పుడు మన తెలుగునేలకు రావలెను. వేములవాడ చాళుక్యుల యేలుబడిలో, గంగాధర యను పట్టణమున, క్రీ.శ. 959 లో సోమదేవసూరి యను జైనాచార్యుడు యశస్తిలకమను సంస్కృతచంపువును ముగించెను. 966 నాటి పర్భణి తామ్రశాసనములో మూడవ అరికేసరి ఆయనకు జినాలయము నిమిత్తము దానము చేసిన సంగతి కలదు. ఆ కావ్యమునకు ప్రాణము పిండితో చేసిన యొక కోడి.

ఉజ్జయినిరాజు యశోధరుడు భార్య ద్రోహమునకు మనసు విఱిగి సన్యసింపదలచి, దుస్స్వప్నము వచ్చినదని తల్లికి చెప్పును. తల్లి చండికకు జంతుబలి యిమ్మనును; శాస్త్రమునే యెత్తి చూపును. కుమారుడు జీవహింసకు ఒప్పుకొనడు. తల్లి మాట త్రోయలేడు, తన వ్రతమును విడువలేడు. నడుమ మార్గముగ పిండితో కోడిని చేయించి, దానిని దేవి యెదుట నఱికి, మాంసమని భావించి తినును. పిదప భార్య పెట్టిన విషముచే తల్లియు కొడుకును మరణింతురు. ఆ పిండికోడి పాపమునకై వారు నెమలిగను కుక్కగను, చేపగను మొసలిగను, మేకలుగను, కడకు కోళ్లుగను పుట్టి, పుట్టిన ప్రతిసారి క్రూరముగ చత్తురు. తన పుణ్యలోకములకై తన కొడుకు చేయించిన బ్రాహ్మణభోజనమునకే యశోధరుడు చేపయై వండబడును.

పిండి ముద్దకు ఇంత శిక్షయా యని మీరనవచ్చును. సోమదేవుని మాట యేమనగా, కత్తి ఎత్తినప్పుడు మనసులో కోడి యున్నది. చేతిక్రింద నున్నది పిండి యగుట చేత ఆ మనసు మాఱలేదు. యశోధరుడు బలిని మానలేదు. బలికి మాఱువేషము వేసినాడు.

మూడు వందల యేండ్ల పిదప మధ్వాచార్యుల సంప్రదాయము ఇదే పిండిపశువును గైకొని దీనికి సరిగా ఎదురు తీర్పు చెప్పినది. యజ్ఞము విడువరానిది, ప్రాణిని చంపరాదు. కావున పిష్టపశువుతోనే యజింపవలెను. విధిలేని మాఱు చెల్లదని శ్రౌతులగు ఇతరులు ఆక్షేపించిరి. ఒకరికి పిండిమేక మోక్షద్వారము, ఒకరికి యజ్ఞలోపము, సోమదేవునకు సాక్షాత్తు హత్య. వస్తువు ఒక్కటే, గుప్పెడు పిండి.

నాకు మధ్వసంప్రదాయమువైపే మొగ్గు. సోమదేవుని తర్కము పదునైనది గాని, ఎదుట మేక బ్రతికి యుండుట యనునది ఆ తర్కమున లెక్కకు రాలేదు. మేకను అడిగినచో నఱుకువాని మనసు ఎట్లున్నను పిండినే నఱుకుమనును. అయితే సోమదేవుడు మనకు పనికిరానివాడు కాడు. మాంసము ముట్టని మన యిండ్లలో కఠినమైన మాట, అప్పు పత్రము, పాలేరు కూలి, వీని విషయమున కత్తి ఎంత పదునుగ నుండునో తెలిసినవారికి ఆయన కోడి యర్థమగును.

ఇంత వాదమును విన్నపిదప అరణ్యపర్వమునందలి ధర్మవ్యాధుని యొద్దకు పోవలెను. తెలుగున ఈ యుపాఖ్యానమును ఎఱ్ఱన రచించినాడు. తపోగర్వితుడగు కౌశికుడు ఒక గృహిణి మాటపై మిథిలకు పోయి, మాంసము అమ్ము అంగడిలో తన గురువును కనుగొనును. ఆ బోయ తాను చంపడు, ఇతరులు చంపినదానిని అమ్మును, తాను మాంసము తినడు, తల్లిదండ్రులను సేవించును. అమ్ముట కులవృత్తి, పూర్వకర్మఫలమని ఒప్పుకొనును. పిదప ఆయన చెప్పిన దానిని రైతులగు మీరు వినవలెను. నాగలి సాగినంత మేర భూమిలోని ప్రాణులు చచ్చును. వడ్లు మొదలగు గింజలన్నియు జీవములే. త్రాగు నీటిలో జీవములున్నవి. నడుచువాని పాదము క్రింద జీవములున్నవి. అహింసావ్రతులగు యతులు సైతము హింస చేయుచునే యున్నారు. వారి ప్రయత్నము చేత అది తగ్గును, అంతియే.

దీనిని మాంసము తినుటకు అనుమతిపత్రముగ చదువువారు కలరు. నాగలిక్రింద వానపాము చచ్చినది గనుక కత్తిక్రింద మేక చచ్చినను ఒకటే యనుట కుంటితర్కము. ధర్మవ్యాధుడే తినలేదు గదా. తగ్గించుట యనునది ఒకటి కలదని ఆయన యన్నాడు. తగ్గించినవాడు తుడిచివేసితినని చెప్పుకొనరాదనియు ఆ మాటలోనే యున్నది. మనువు లెక్కలో అమ్మువాడును ఘాతకుడే. భారతమున ఆ యమ్మువాడే బ్రాహ్మణునకు గురువు. ఈ రెండింటిని కలిపి కుట్టుటకు వ్యాఖ్యాతలు పడిన శ్రమ నేను చూచితిని. కుట్టు కనబడుచునే యుండును.

నేను పుట్టుకచేత శాకాహారిని. ఇందు నా గొప్ప యేమియు లేదు. మా తల్లి వండినది తింటిని. జనకుడు విడిచినాడు, నేను విడువలేదు. నాకు విడుచుటకు ఏమియు లేకుండెను. అశోకుడు రెండు నెమళ్లతో పోరాడినాడు, నేను దేనితోను పోరాడలేదు. మఱి నా పూర్వులు? వారు యజ్ఞశేషము తిన్నవారే. జైనభిక్షువుతోను బౌద్ధభిక్షువుతోను శతాబ్దములు వాదించి, వాదమున మేమే గెలిచితిమని గ్రంథములు వ్రాసి, ఇంటికి వచ్చి వారు చెప్పినట్లే వండుకొనిరి. ఆ ఋణమును మన పురాణప్రవచనములలో ఎవరును స్మరింపరు. అప్పుగా దెచ్చుకొన్న సుగుణమును కులచిహ్నముగ చేసికొని, దానితో బావికడకును పంక్తికడకును కంచె కట్టిరి. నేటికిని పట్టణములలో మీరేమి తిందురని అడిగిన పిదపనే ఇల్లు అద్దెకిచ్చువారు కలరు. ఉపరిచరవసువు అడిగిన ప్రశ్న యిదియే. ముందు నీ పక్షమేదో చెప్పుము.

నా యుద్యోగము చివరి సంవత్సరములలో బడియందు మధ్యాహ్నభోజనమున కోడిగ్రుడ్డు పెట్టెడివారు. తినని పిల్లలు అయిదాఱుగురు. ఒక పెద్దమనిషి వచ్చి, గ్రుడ్డు తినువారిని వేఱు వరుసగ కూర్చుండబెట్టుడని హితవు చెప్పెను. నేను తిననివారికి అరటిపండు తెప్పించి, వరుసను మాత్రము కదల్పనైతిని. మఱుసటి వారము చూడగా గ్రుడ్డు తినువాడొకడు ప్రక్కవాని యరటిపండుమీద కన్ను వేసి సగము సంపాదించినాడు. ఇచ్చినవాడు తన సగమును నములుచు గ్రుడ్డు రుచి యెట్లుండునని విచారించుచున్నాడు. వాడు తినలేదు. తినుమని వీడనలేదు. భవభూతి చూపిన యాశ్రమము నాకు తోచినది.

కడపట జాతరల మాట. 1950 లో మద్రాసు రాష్ట్ర శాసనసభ దేవాలయములందు జంతువులను పక్షులను బలి యిచ్చుటను నిషేధించుచు చట్టము చేసెను. చట్టము వచ్చిన పిదపను అమ్మవారి గుడికి కొంత దూరమున ఏమి జరుగుచున్నదో మీకు తెలియును. ఆ మేకను తినువారిలో పలువురికి మాంసము నిత్యభోజనము కాదు. ఏటికి నాలుగైదు నాళ్లు పోగులు వేసి పంచుకొనునది. వారిని నిందించుటకు ముందు ఏడాదిపొడుగున వారి కంచములో ఏమున్నదో చూచిరావలెను. మఱికొన్ని యూళ్లలో మేకకు బదులు బూడిదగుమ్మడికాయను కొట్టి, లోపల కుంకుమ నింపుదురు. నూతనగృహముల గడపలయందు మనమందఱమును ఆ పనియే చేయుదుము. కాయ పగిలినప్పుడు ఎఱ్ఱగా కనబడవలెనని కుంకుమ ఏల నింపుదుము? ఈ ప్రశ్నను మీ రచ్చబండకు విడిచిపెట్టుచున్నాను. సోమదేవుని పక్షమున ఒకరు, మధ్వాచార్యుల పక్షమున ఒకరు నిలిచి వాదింపుడు. మధ్యవర్తిగా కూర్చుండువాడు మాత్రము ఎవరిది ఏ పక్షమని ముందుగ అడుగకుండుగాక.

సెలవు.